నగేశ్ బండికి మూడవ గొట్టం

ఎల్లారెడ్డి చుట్టుపక్కల కూరగాయలు పండించే రైతులలో నగేశ్ పికప్పు బండిని ఎరుగనివారు లేరు. వారి టమాటలు, వంకాయలు తెల్లవారేసరికి కామారెడ్డి మార్కెట్టుకు చేరేది ఆ పాత బండిలోనే. నగేశ్ ఇల్లు గడిచేది కూడా ఆ కిరాయితోనే. అటువంటి బండికి బ్రేకు చెడింది.

పెడలు తొక్కుడుకు బలమిచ్చే బ్రేకు బూస్టరులోని గాలిని లాగివేసే రబ్బరు గొట్టం ఒకటుంటుంది. అది తెగితే పెడలు రాయివలె బిగుసుకుపోతుంది. అదే తెగింది. మెకానిక్కు లింగం కొత్త గొట్టం వేశాడు. కొద్దిరోజులకే అదీ తెగింది. నగేశ్ ఒళ్లు మండిపోయి, లింగాన్ని తిట్టుకుంటూ, తన చేనులోని డ్రిప్పు పైపు ముక్క కోసి తానే బిగించాడు. లింగంపేట దాటిన మలుపులో, ఇంజను వేడికి మెత్తబడిన ఆ పైపు లోపలి లాగుడుకు అణగిపోయి మూసుకుపోయి, పెడలు మళ్లీ బిగుసుకుంది. గేర్లు తగ్గించి, హ్యాండు బ్రేకు గుంజి, ఎట్లాగో బండిని ఆపగలిగాడు. ఆనాడు కూరగాయలు మార్కెట్టు ముగిసిన తరువాత చేరాయి.

మధ్యాహ్నం, రైతుల తరఫున లోడు పంపే లక్ష్మణ్ ఇంటికే వచ్చాడు.

"నగేశన్నా, నాకు ఓపికున్నది గని టమాటలకు లేదు. రేపు గూడ గిట్లనే అయితే వేరే బండి మాట్లాడుకుంటం."

నగేశ్ తిన్నగా లింగం షెడ్డుకు పోయి, తెగిన రబ్బరు గొట్టాన్ని బల్లమీద విసిరికొట్టాడు.

"డూప్లికేట్ మాల్ వేసి నా నోట్ల మన్నుగొట్టినవ్ గదరా!"

"ఒర్రుడు ఆపి సక్కగ జూడన్నా. ఇది తెగింది గాదు, ఎలుక కొరికింది. నీ బండ్ల ఏం తిననీకి వస్తున్నదో ముందుగాల అది దేవులాడు."

బానెట్టు ఎత్తి చూడగా, బ్యాటరీ వెనుక పసుపు కుంకుమలు అంటిన కొబ్బరి ముక్కలు! నగేశ్ తల పట్టుకున్నాడు. అమావాస్యనాడు బండికి కొబ్బరికాయ కొట్టేది అతని తల్లి పోచవ్వ. లింగం మూడవ గొట్టం బిగించగానే ఇంటికి వచ్చిపడ్డాడు.

"అవ్వా, ఇంజన్ల కొబ్బరి ఎందుకు వెట్టినవే?"

"బండి ముందర కొట్టి, బండికే వెట్టకుంటే ఎట్లరా? మనం తినాలె, అది సూడాల్నా?"

"అది తింటలేదే! ఎలుకలు తింటున్నయ్! అది సాలక నా బ్రేకు పైపు తింటున్నయ్!"

"ఎలుకలను ఏమనకు బిడ్డా. గణపతి ఎక్కి తిరిగేటివి."

"గణపతికి బ్రేకు అక్కర లేదు. నాకు గావాలె! ఆ ముక్క బంపర్ మీద వెట్టరాదు?"

"బంపర్‌కు నోరుంటదా?"

చివరకు, "సరే తియ్యి, నీ బండే ఉపాసముంటది" అని ఆమె మూతి తిప్పుకొంది.

తెల్లవారుజామున నగేశ్ వెళ్లేసరికి టమాట పెట్టెల పక్కన లక్ష్మణ్ పిలిపించిన కొత్త బండి ఒకటి నిలిచి ఉంది. లక్ష్మణ్ నగేశ్ బండి సీటులో కూర్చుని, ఇంజను వేసి, బ్రేకును పదేపదే తొక్కి చూశాడు. పెడలు మెత్తగా దిగింది.

"సగం గీ బండ్ల, సగం గా బండ్ల ఎక్కియ్యిండ్రి" అన్నాడు దిగుతూ.

"బ్రేకు మంచిగనే ఉన్నది గదా, సగమేంది?"

"మంచిగున్నది గనుకనే సగం."

నగేశ్ పండ్లు కొరుక్కుంటూ బండి కదిలించాడు. కామారెడ్డి దాకా వెనుకనుండి కొత్త బండి హారను మోగుతూనే ఉంది. అతడు దారి ఇవ్వలేదు.