పిన్నీసుతో నొక్కిన రౌటర్

మా పై వాటాలో ఉండే డానియేలును లారీ గుద్దింది. అప్పటి నుంచి నడుం కింద స్పర్శ లేదు. అయినా వాడి నోరు చూడాలి! మంచం మీదే కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎక్కడెక్కడివాళ్ల ఫ్రిజ్ కంప్లయింట్లు ఫోన్‌లో విని ఇల్లు నడుపుతున్నాడు. చార్మినార్ వెనక మా ఇరుకు గల్లీలో, మెట్లు దిగకుండా వాడు చేయగల పని అదొక్కటే. ఇంకోసారి పని ఆగితే తీసేస్తామని కంపెనీ అప్పటికే హెచ్చరించింది.

వాడి లాప్‌టాప్ పాతది. విండోస్ మోయలేక మూలుగుతుంటే మురళి అనే దోస్తు దాన్ని తీసేసి లినక్స్ ఎక్కించాడు. కంపెనీ పనంతా బ్రౌజర్‌లోనే కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు.

మొన్న పొద్దున గల్లీ మొత్తానికి నెట్ పోయింది. కాసేపు ఊరుకుంటే అదే వచ్చేది. డానియేలు తండ్రి సీమోను కాకకు ఊరుకోవడం చేతనైతే కదా! నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పి రిటైరైన మనిషి. ఏది ఆగినా ఏదో ఒకటి తిప్పాల్సిందే, నొక్కాల్సిందే. భార్య ఆగమ్మ గాజులకు వేలాడే పిన్నీసు తీసి, రౌటర్ వెనక చిన్న చిల్లులో గుచ్చి గట్టిగా నొక్కిపట్టాడు. కేబుల్ వాళ్లు పెట్టిన సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కాసేపటికి గల్లీలో అందరికీ నెట్ వచ్చింది, వాళ్లకు తప్ప.

సెట్టింగులు మళ్లీ పెడదామని డానియేలు లాప్‌టాప్‌లో రౌటర్ పేజీ తెరిచాడు. సగమే వచ్చింది. బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్‌లోనూ అంతే. కేబుల్ మహేష్‌కు ఫోన్ చేశాడు.

“అన్నా, గా రౌటర్ పాత డబ్బా. విండోస్‌ల పాత బ్రౌజర్ ఉంటెనే ఓపెన్ అయితది. నీ లినక్స్‌ల నడ్వదు. సాయంత్రం నా లాప్‌టాప్ పట్కొని వస్త.”

“సాయంత్రం దాంక నా నౌకరీ ఉంటదా భాయ్?”

ఒక్క బ్రౌజర్‌కే తలుపు తీసే డబ్బా తయారుచేశారే, వాళ్ల నోట్లో మన్ను పడ!

ఫోన్‌లో మాటలు పైనా వినిపిస్తాయి గానీ, నెట్ మాత్రం మా కింది మెట్టు దగ్గరే సరిగ్గా అందుతుంది. నేనూ కాకా వాణ్ని కుర్చీతో సహా మోసి దించాం. ఫోన్ నుంచి నెట్ పట్టుకుని పని మొదలుపెట్టాడు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో గాజుల బండికి ఆటో తగిలి లొల్లి లేచింది. “అరే హటో భాయ్!” అని అరుపులు, హారన్లు. “బజార్ల కూసొని మాట్లాడుతున్నవా?” అని కస్టమర్ ఫోన్ పెట్టేశాడు. తర్వాతివాళ్లూ అంతే. చివరికి పైఅధికారి ఫోన్ చేసి, “ఇవాళ్టికి ఆపెయ్, మేం చూస్తాం,” అన్నాడు.

సాయంత్రం మహేష్ వచ్చాడు. నేనిచ్చిన చాయ్ చల్లారక ముందే పని అయిపోయింది. రౌటర్ మీద పచ్చ లైట్లు వెలిగాయి. డానియేలు కంపెనీ పేజీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాడు. ఉద్యోగంలోంచి తీసేసి ఖాతా మూసేశామని తెర మీద వచ్చింది. వెనకే నిలబడి నేనూ చదివాను.

పొద్దుటి నుంచి ముద్ద ముట్టని కాక గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“నెట్ ఒచ్చిందా కొడుకా?”

“ఒచ్చింది బాపు. ఫికర్ చెయ్యకు, పోయి తిను.”

డానియేలు హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. పక్క గదిలో కాక తిని లేచేదాకా, అవతల ఎవరూ లేని లైన్లో “నమస్తే సార్, చెప్పండి” అంటూనే ఉన్నాడు.