పెద్దబాపు వేలికి పలకని ట్యాబ్

ఆ రోజుల్లో నాకు అబద్ధం ఆడేటప్పుడు భయం ఉండేది కాదు, ఆడేశాక మొదలయ్యేది. కడుపులో ఒకటే గుడగుడ, కాళ్లు ఒకచోట నిలవవు, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. ఇప్పటి పిల్లలు నడక రాకముందే తెర మీద వేలు జరుపుతున్నారు కాబట్టి నేను చెప్పబోయేది వాళ్లకు నమ్మబుద్ధి కాకపోవచ్చు. కానీ పన్నెండు పదమూడేళ్ల కిందట మా ఎడపల్లిలో ట్యాబ్ అనే వస్తువును కళ్లతో చూసినవాళ్లే తక్కువ, చేత్తో ముట్టుకున్నవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. అలాంటి ఊళ్లో ఉండి, నాకు ట్యాబ్ వాడడం బాగా వచ్చని కాగితం కింద సంతకం పెట్టిన ఘనుణ్ని నేను.

జరిగిందేమిటంటే, బోధన్ వైపు ఒక చెరుకు ఫ్యాక్టరీవాళ్లు సర్వేకు మనుషులు కావాలన్నారు. (ఫ్యాక్టరీ పేరు ఎందుకు లెండి.) పొలం పొలం తిరిగి ఎవరి చెరుకు ఎంత ఉంది, ఎప్పుడు నాటారు, ఎప్పుడు నరకాలి అని రాసుకొచ్చే పని. అప్పటిదాకా పుస్తకాల్లో రాసేవాళ్లు, ఆ ఏడాది నుంచి ట్యాబుల్లో ఎక్కించాలట. దరఖాస్తులో ‘ట్యాబ్ వాడకం తెలుసా?’ అని ఒక గడి ఉంది. బోధన్‌లో జిరాక్స్ సెంటర్ నడిపే మా బావ, అంటే మా అక్క భర్త, నా తరఫున ఫారం నింపుతూ అక్కడ క్షణం కూడా ఆగకుండా ‘అవును’ మీద టిక్కు కొట్టేశాడు. (ఉద్యోగం తనది కాదు కదా.) నేను నసుగుతుంటే, “గా ముచ్చట వాళ్లేమన్న పరీక్ష పెడ్తరా బామ్మర్దీ, సంతకం పెట్టు” అన్నాడు. పెట్టాను. పరీక్ష కూడా వాళ్లు పెట్టారు. బుధవారం పొద్దున పది గంటలకు రావాలి, ట్యాబ్ మీద పని చేసి చూపించాలి అని శనివారం ఫోను వచ్చింది.

డిగ్రీ అయిపోయి అప్పటికి రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాను. మా బాపు నన్ను ఏమీ అనేవాడు కాదు. తెల్లారి పొలానికి పోతూ నా మంచం వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని పోయేవాడు. తిట్టినా బాగుండేది. ఆ చూపు తప్పించుకోవడానికే నేను మేలుకుని కూడా కళ్లు మూసుకుని పడుకునేవాణ్ని. ఇంటర్వ్యూ ఫోను వచ్చిన రోజు మాత్రం బాపు నా మంచం దగ్గర ఆగి, పోయే రోజుకు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకొమ్మన్నాడు. రెండేళ్లలో మా ఇద్దరి మధ్య జరిగిన అతి పెద్ద సంభాషణ అదే. ఇక ఆ ఉద్యోగం రాకపోతే నేను ఆ మంచం మీద మళ్లీ ఎలా పడుకోవాలి?

సోమవారం ఒక్కణ్నే నిజామాబాద్ పోయాను. బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన పెద్ద షాపులో, ఒక బల్ల మీద ట్యాబ్ ఉంది. దాన్ని ఒక మెలికల తీగతో బల్లకు కట్టేశారు. నేను వేలు ఇంకా చాపకముందే ఎర్ర టీషర్టు వేసుకున్న సేల్స్ అన్న వచ్చి, బడ్జెట్ ఎంత అని అడిగాడు. నా చెప్పుల వైపు కూడా చూశాడు. నా జేబులో ఉన్నది తిరుగు బస్సు ఛార్జీ ఒక్కటే. ఊరికే చూస్తున్నా అన్నాను. చూడ్డం అయిపోయిందా అన్నట్టు ఆయన అక్కడే నిలబడ్డాడు. రెండు నిమిషాల్లో నేను ఫుట్‌పాత్ మీద ఉన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే బుద్ధికి తోచింది. నాలాంటి వాడు ఒక్కడే పోతే ఎవడూ నమ్మడు, పక్కన కొనేవాడిలా కనిపించే పెద్దమనిషి ఒకరు ఉండాలి.

అలా గుర్తొచ్చాడు మా పెద్దబాపు. బాపుకు అన్న, వేల్పూర్‌కు ఇల్లరికం పోయి పసుపు రైతుగా స్థిరపడినవాడు. తెల్ల ధోతి, తెల్ల అంగీ, భుజం మీద తువ్వాల, నడకలో ఒక ధీమా. మంగళవారం ఎలాగూ పసుపు అమ్మడానికి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వస్తున్నాడు. ఆయనకు ఒక పేరుంది. పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని టక్కున విరిచి, ఆ చప్పుడు విని ఎండిందో లేదో చెప్పేవాడు. వ్యాపారులు కూడా ఆయన చెవిని నమ్మేవాళ్లు, అందుకే యార్డులో అందరూ ఆయన్ను ‘చెవుల పెద్దమనిషి’ అనేవాళ్లు. పొద్దున్నే యార్డుకు పోయి ఆయన్ను కలిశాను, నా అబద్ధం సంగతి మాత్రం చెప్పలేదు. (చెబితే చెవి మెలిపెట్టేవాడు, ఈసారి నాది.) ట్యాబ్ ఒకటి చూడాలి, సరుకు మంచిదో కాదో నువ్వు చెప్పాలి అన్నాను. సరుకు అనే మాట వినగానే ఆయన మొహం వెలిగింది. “రెండింటికి కాంటా ఉన్నది, గంటల తెమలాలె” అని పసుపు తూకం టైము మాత్రం గుర్తుచేశాడు.

మేం షాపులో అడుగుపెట్టేసరికి పన్నెండున్నర. ఎర్ర టీషర్టు అన్న ధోతిని చూసి కుర్చీ వేశాడు, కూల్ డ్రింకు తాగుతారా అని కూడా అడిగాడు. నిన్న వచ్చిన నన్ను గుర్తుపట్టనే లేదు, నా ఎత్తు సరిగ్గా పారింది. ఇక నేను ట్యాబ్ మీద పడ్డాను. ఎంత చల్లగా, నునుపుగా ఉందో. వేలు ఆనించగానే బొమ్మలు పక్కకు జారిపోతుంటే ఒళ్లు జల్లుమంది. పటం తెరిచి వేలితో లాగుతూ పోతే నిజామాబాద్, జానకంపేట, మా ఎడపల్లి రోడ్డు, అన్నీ వచ్చాయి. రెండు వేళ్లు ఎడంగా జరిపితే మా ఊరు దగ్గరికి వస్తోంది! ఉద్యోగం సంగతి మరిచిపోయి మా ఇంటి కప్పు వెతుక్కుంటూ కూర్చున్నాను. అంతలో గోడ గడియారం కనబడింది. పావుగంట పోయింది, నేను నేర్చుకున్నది ఇల్లు వెతకడం ఒక్కటే. ఫారం ఎక్కడ తెరవాలి, అక్షరాలు ఎట్లా కొట్టాలి, కొట్టింది ఎక్కడ దాగుతుంది? అన్నీ ఒకేసారి నొక్కడం మొదలుపెట్టాను. ఏదో నొక్కితే నా మొహమే నాకు కనబడింది, చెమటలు కారుతూ.

అప్పుడు పెద్దబాపు, తప్పుకోరా నేను కూడా చూడాలె కదా అంటూ ముందుకు వచ్చాడు. చూపుడు వేలు ఆనించాడు. తెర కదల్లేదు. మళ్లీ ఆనించాడు, గట్టిగా పొడిచాడు. ఎర్ర టీషర్టు అన్న కంగారుపడి మెల్లగా ముట్టాలని చెప్పాడు. మెల్లగా ముట్టినా అంతే. చేతికి పసుపు ఉందేమో కడుక్కు రమ్మంటే, బయట నల్లా దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని వచ్చి మళ్లీ పెట్టాడు. ఊహూఁ. తెర మీద పచ్చటి మరక పడింది గానీ బొమ్మ మాత్రం కదల్లేదు. నలభై ఏళ్లు పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసిన వేలు అది, తోలు అట్టకట్టి ఉంది. ఆ యంత్రానికి అది మనిషి వేలని తెలియలేదు.

“నీ ఏలుకు పలుకుతున్నది, నా ఏలుకు పలుకుతలేదు. ఇదేం సరుకు రా?” అని పెద్దబాపు షాపంతా వినబడేలా అడిగాడు. పక్క బల్ల దగ్గర కాలేజీ ఆడపిల్లలు ఇద్దరు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వారు. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. రెండడుగులు పక్కకు జరిగాను. హెడ్‌ఫోన్లు వేలాడదీసిన గోడ వైపు తిరిగి, ఈయన ఎవరో నాకు తెలియదన్నట్టు నిలబడ్డాను. పెద్దబాపు వెనక్కి తిరిగి నేను అంతకుముందు నిలబడ్డ చోటు చూశాడు, ఇప్పుడెక్కడ ఉన్నానో కూడా చూశాడు.  మా బాపుకు అన్న కదా, ఇంటి చూపే అది.

కానీ ఆయన వదిలే మనిషి కాదు. బస్తా పరీక్షించేటప్పుడు పైనుంచి కొంత, నడుమ నుంచి కొంత, అడుగు నుంచి కొంత తీసి చూడడం ఆయన అలవాటు. అలాగే ఒక్కో వేలూ వరుసగా పెట్టి చూశాడు. చిటికెన వేలికి తెర కొంచెం కదిలింది. వేలి మీద హా అని ఊది పెడితే ఇంకొంచెం కదిలింది. చివరికి వేలు మడిచి కణుపుతో జరిపాడు. బొమ్మలన్నీ బుద్ధిగా జరిగిపోయాయి. ఎర్ర టీషర్టు అన్న నోరు తెరిచాడు, తనకే తెలియదట. పెద్దబాపు నన్ను పిలిచి చూపించాడు, నేను సిగ్గుతో సగం చూపే చూశాను. గడియారం ఒంటిగంట దాటింది, నాకు ఇంకా ఫారం తెరవడం రాదు.

ఇక సరుకు లోపల ఎట్లా ఉందో తేల్చాలని పెద్దబాపుకు అనిపించినట్టుంది. ట్యాబ్‌ను రెండు చేతులతో పైకి లేపి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, పసుపు కొమ్మును వంచినట్టు మెల్లగా వంచాడు. తీగ ఊడింది. షాపులో సైరన్ మోగింది. వాచ్‌మన్ షట్టర్ దగ్గరికి ఉరికాడు, ఆడపిల్లలు కెవ్వుమన్నారు, మేనేజర్ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆ గోలలో పెద్దబాపు ఒక్కడే స్థిమితంగా నిలబడి, చెవి దగ్గరి నుంచి ట్యాబ్ దించి, “సప్పుడైతే గట్టిగనే ఉన్నది” అన్నాడు.

మమ్మల్ని మర్యాదగానే బయటికి పంపారు. యార్డు దాకా ఆటోలో నేను రోడ్డు వైపే మొహం తిప్పుకుని కూర్చున్నాను. ఉద్యోగం ఆయన వల్లే పోయిందని లోలోపల ఉడికిపోతున్నాను. దిగేటప్పుడు ఆయన నా భుజం తట్టి, “మంచి సరుకే గని కొడుకా, రైతు చెయ్యిని గుర్తు పడ్తలేదు, జెర సోంచాయించి కొను” అన్నాడు. ఆలోచిస్తానన్నట్టు తల ఊపి బస్సెక్కాను.

బుధవారం ఇస్త్రీ చొక్కాలో బోధన్ పోయాను. పన్నెండు మందిమి ఉన్నాం, సగం మంది చేతుల్లో అప్పటికే పెద్ద పెద్ద ఫోన్లు. నేను వరండా స్తంభం చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. పరీక్ష పెడుతున్నది ఫ్యాక్టరీ చెరుకు విభాగం సారు. ఫారం ఆయనే తెరిచి పెట్టాడు (నా ప్రాణం లేచి వచ్చింది), చెరుకు నరికే కటింగ్ పర్మిట్ కోసం వచ్చిన ఒక ముసలి అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, ఈమె వేలితో ఇక్కడ గీత పెట్టించండి చాలు అన్నాడు. నల్ల కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకున్న ఒకతను అవ్వ వేలు పట్టి పదిసార్లు రుద్దాడు, తెర పలకలేదు. విసుగొచ్చి తన వేలితోనే గీసేశాడు. సారు అతని కాగితం పక్కన పెట్టేశాడు. రెండో అతను తెరను కర్చీఫ్‌తో తుడిచాడు. మూడో అతను ట్యాబ్ చెడిపోయిందన్నాడు. నా వంతు వచ్చేసరికి అవ్వ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. “నా ఏలుకు పానం లేదంటున్నరు బిడ్డా” అంది.

ఆమె చేయి పట్టుకున్నాను. కొడవలి పట్టిన చేయి, అదే తోలు, అదే అట్ట. వేలు మడవమని చెప్పి, కణుపు మీద హా అని ఊదమన్నాను. ఆమె ఊదింది. తెర మీద పెట్టి జరిపాను. గీత వంకరటింకరగా పడింది, కానీ పడింది. అవ్వ బోసినోటితో నవ్వింది. సారు కళ్లజోడు పైకి నెట్టుకుని, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. నిన్న మధ్యాహ్నం షాపులో ఆయన ఎవరో తెలియనట్టు గోడ వైపు తిరిగినవాణ్ని, ఈసారి సారు కళ్లలోకి చూశాను.

“మా పెద్దబాపు నేర్పిండు సార్” అన్నాను.

ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రమే వేల్పూర్‌కు ఫోన్ చేసి అబద్ధం సంగతి, పక్కకు జరిగిన సంగతి రెండూ చెప్పాను. మొదటిదానికి బాగా తిట్టాడు, రెండోదానికి మాత్రం పసుపు కాంటా బాగా తూగిందని చెప్పి ఫోన్ పెట్టేశాడు. మూడు సీజన్లు పొలాల గట్లెంట ట్యాబ్ పట్టుకుని తిరిగాను. తర్వాత ఆ సర్వే పని ఆగిపోయింది, నేను మా బాపు పొలానికే వచ్చాను. కొంత చెరుకు, కొంత పసుపు. అందులో నాకు ఏ బాధా లేదు, తెల్లవారితే మంచం మీద మాత్రం ఉండను.

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఐదో తరగతి చదివే మా బిడ్డకు చదువుకోవడానికి ట్యాబ్ కావాలంటే నిజామాబాద్ తీసుకుపోయాను. షాపు మారింది, బల్ల మారింది, ట్యాబులకు తీగ మాత్రం అలాగే ఉంది. నేను పెద్ద అనుభవజ్ఞుడిలా ముందుకు వెళ్లి వేలు ఆనించాను. తెర కదల్లేదు. మళ్లీ ఆనించాను. సేల్స్ అమ్మాయి, మెల్లగా ముట్టండి అంకుల్ అంది. పక్కన ఎవరో నవ్వారు. నా బిడ్డ వైపు చూశాను. అది రెండడుగులు పక్కకు జరిగి, రంగురంగుల కవర్లను చాలా శ్రద్ధగా చూస్తోంది.

కోపం రాలేదు, నవ్వొచ్చింది. కళ్లు కొంచెం తడి కూడా అయ్యాయి. వేలు మడిచి కణుపుతో జరిపి చూపించి, దాన్ని దగ్గరికి పిలిచాను, సగం సిగ్గుతోనే వచ్చింది. అక్కడి నుంచే పెద్దబాపుకు ఫోన్ కలిపాను. డెబ్బై దాటినా ఫోన్ తనే ఎత్తుతాడు, కణుపుతోనే. బిడ్డకు ట్యాబ్ కొంటున్నానని చెబితే ఒకటే అడిగాడు.

“సప్పుడు ఎట్లున్నది రా?”

తీగ వైపు ఒకసారి, వాచ్‌మన్ వైపు ఒకసారి చూసి, మంచిగనే ఉన్నది పెద్దబాపూ అన్నాను. అబద్ధమే. ఈసారి మాత్రం కడుపులో గుడగుడ లేదు.