జహూర్ భాయ్ బోణి గ్లాసు

మీరు జహూర్ భాయ్‌ని కలువకుంటె ఎట్ల! ఎల్లారెడ్డి బస్టాండు ముంగట రాజేశం సేటు హోటల్ల కాఫీ మాస్టర్ ఆయన. 1984ల సంగతి చెప్తున్న. చుట్టూ అన్నీ చాయ్ హోటల్లే, కాఫీ అంటె మాత్రం జహూరే. తాడ్వాయి నుంచి గూడ వస్తుండె జనం.

ఆ హోటల్ల ఒక రివాజు ఉండె. పొద్దుగాల మొదటి గ్లాసు గిరాకీల ముంగట మాస్టరే తాగాలె. ఆయన "బరాబర్" అన్నంకనే బోణి. ఇరవై ఏండ్లు కండ్లు మూసుకొని, పెదాలు చప్పరించుకుంట తాగిండు.

గా ఏడు కడుపుల పులుపు గొంతు దాకా ఎగదన్నుడు షురువైంది. ఛాతిల ఒకటే మంట. రోజూ ఆడ్నే బస్సెక్కే కాలేజి పోరన్ని నేను, కామారెడ్డి డాక్టర్ ఇంగ్లీషుల రాసిన చిట్టి నేనే చదివిన. "కాఫీ బంద్, భాయ్. చుక్క గూడ వద్దట."

"సేటుకు చెప్పకు తమ్మీ. కాఫీ తాగని మాస్టర్‌ని ఎవడు పెట్టుకుంటడు?" అని ఒట్టేయించుకున్నడు. చిట్టి నా దగ్గర్నే దాసిపెట్టుమన్నడు.

అప్పటిసంది బోణి గుక్క నోట్లె నింపుకొని, తలకాయ ఊపి, పాలు తెస్తనని ఎనుకకు పోయి మోరీల ఉమ్మేస్తుండె. గా రుచన్న దక్కనియ్యి అనుకున్నడేమో. ఎనిమిది నెలలు నడిచింది. ఒకనాడు కండక్టర్ ఆశన్న చూసిండు.

"సేట్! చేసినోడే ఉమ్మేస్తుండు! అండ్ల ఏం కలిపిండో!"

అందరు గ్లాసులు కింద పెట్టిండ్రు. రాజేశం సేటు మూడు గ్లాసులు నింపిండు. "అందరి ముంగట తాగు. లేకుంటె గిప్పుడే నడువు."

జహూర్ భాయ్ నా దిక్కు చూసిండు. నేను బస్సు దిక్కు చూసిన.

మొదటి గ్లాసు తాగిండు. నిజం చెప్తున్న, మొఖం ఎలిగిపోయింది! "బరాబర్," అన్నడు. ఆశన్న చప్పట్లు కొట్టిండు. రెండోది మెల్లగ తాగిండు. మూడోది సగమయితుండంగ ఛాతి పట్టుకొని కూలబడి, ఆశన్న బూట్ల మీదనే భళ్ళున కక్కిండు.

"చూసిండ్రా? నేను చెప్పలేదా!" ఆశన్న అనంగనె అందరు నవ్విండ్రు.

సేటు జహూర్ భాయ్ భుజం మీది తువ్వాలుతోనే ఆయనతోని బూట్లు తుడిపించిండు. తర్వాత, "రేపటిసంది రాకు," అన్నడు.

చిట్టి నా నోటుబుక్కులనే ఉండె. తీసి చూపెడితె ఆ మూడు గ్లాసులు తప్పుతుండె, కొలువు మాత్రం పోతుండె. ఒట్టు అనుకుంట ఊకున్న. మీరైతె ఏం చేస్తుంటిరి?