చచ్చిన మంత్రి చెక్ చెప్పిన ఆట

సూరత్‌లో ఉన్న మనవడా, పూణేలో ఉన్న మనవరాలా, ఇద్దరూ వినండి. ఒక్క ఉత్తరంతో నా చదరంగాన్నీ నా సంసారాన్నీ కలిపి తలకిందులు చేసుకున్న ముచ్చట చెబుతాను. పది ఎత్తులతో ఇంత నాశనం చేసుకున్న మనిషి కరీంనగర్ వైపు ఇంకొకరు ఉండరు. మీ అమ్మమ్మను తక్కువ అంచనా వేయకండి.

అప్పుడు మీ అమ్మకు నాలుగేళ్లు. సిరిసిల్లలో మరమగ్గాలు, మేం సాంచలంటాం, రోజు విడిచి రోజు ఆడుతున్నాయి. సాంచలు రోజూ ఆడే దూరపు ఊరు భీవండిలో పని దొరుకుతుందని మీ తాత బయలుదేరాడు. పోయేముందు నూలు వచ్చే అట్టపెట్టెను కోసి రెండు చదరంగం బల్లలు చేశాడు. గళ్లకు ఒకటి నుంచి అరవై నాలుగు దాకా పెన్సిల్‌తో అంకెలు వేశాడు. ఒకటి తన సంచిలో పెట్టుకుని, రెండోది నా చేతికిచ్చాడు.

"ఉత్తరానికో ఎత్తు రాయి. నేనో ఎత్తు రాస్త."

"నేను గెలిస్తె ఏమిస్తవు?"

"నువ్వు గెలిచిన్నాడు మల్ల భీవండి మొకం జూడ. ఇంట్లనే ఉంట."

ఆయన నవ్వుతూ అన్నాడు. నేను మాత్రం నవ్వుతూ వినలేదు.

ఇక నా ఆట ఎంత గొప్పదంటే, గుర్రం ఎటు దూకుతుందో గుర్రానికీ తెలియదు, నాకూ తెలియదు. అందుకని మీ అమ్మను చంకనేసుకుని జగిత్యాల బస్సెక్కాను. అక్కడ మా అన్న ఉండేవాడు. ముందున్న చాయ్ చల్లారి మీగడ కట్టినా చదరంగం బల్ల మీంచి తల ఎత్తని మనిషి.

"అన్నా, ఎట్ల మొదలువెడితె గెలుస్త?"

అన్న పుస్తకం తీసి, వెతికి, పది ఎత్తులు రాసిచ్చాడు. "గిది మంచి ఓపెనింగ్. గని ఎదుటోడు ఏమేసిండో చూస్కుంట ఎయ్యాలె చెల్లె."

"వరస ఉన్నంక చూసుడెందుకే?"

"నీకు చెప్పుడు నాతోని కాదు."

నిజానికి తప్పు నాది కాదు, మా నాయన మగ్గానిది. కోరుట్లలో ఆయన చీర అంచులో నెమలి నేస్తుంటే, ఏ దారాలు ఎప్పుడు లేపాలో పక్కన కూర్చుని నేనే వరస చెప్పేదాన్ని. వరస తప్పకపోతే నెమలి వచ్చి తీరేది. నెమలి ఎదురు ఎత్తు వేయదు కదా! చదరంగం కూడా అంతే అనుకున్నాను.

పైగా ఉత్తరం పోవడానికి ఒక వారం, రావడానికి ఇంకో వారం. ఎత్తుకో ఉత్తరమంటే మీ అమ్మ బడి చదువు అయిపోయేలా ఉంది. అందుకే పది ఎత్తులూ ఒకే ఉత్తరంలో రాసి పోస్టు డబ్బాలో వేశాను. ఇంటికి వచ్చి మీ తాత దుప్పటి ఉతికి ఆరేశాను కూడా. నవ్వుతున్నారా? నవ్వండి.

రెండు వారాలకు జవాబు వచ్చింది.

"ఏమే, నీ మంత్రి నాలుగో ఎత్తుకే సచ్చిండు. నా గుర్రం కొట్టింది. మరి ఆరో ఎత్తుల నా రాజుకు చెక్ ఎవలు చెప్పిండ్లు? దయ్యమా? మా రూముల ముస్తాబాద్ ఆయన నవ్వి నవ్వి అన్నం తినలే."

నాకు రోషం వచ్చి తిరిగి రాశాను: "సచ్చిండని నాకు కబురు పంపినవా? కబురు రానిదాంక నా మంత్రి బతికున్నట్టే."

"సచ్చి రెండు వారాలైంది. దినాలు గూడ అయినయి."

"నన్ను పిలువకుండ దినాలెట్ల చేసినవు?"

ఇలా మంత్రి శవం సిరిసిల్లకూ భీవండికీ మధ్య ఎన్ని ఉత్తరాలు తిరిగిందో. చివరికి ఒకే వాక్యంతో ఉత్తరం వచ్చింది: "గీ పంచాయితి ఉత్తరాలతోని తెగది, నేనే అస్తున్న."

వచ్చాడు! అట్ట బల్ల చంకలో పెట్టుకుని, సన్నబడి, గడ్డం పెంచుకుని వచ్చాడు. మీ అమ్మ గుర్తుపట్టక నా వెనక దాక్కుంది. వారం రోజులున్నాడు. పోయేరోజు సంచి గుమ్మం దగ్గర పెట్టి, బల్ల పరిచాడు.

"ఇది అసలు ఆట. గెలువు."

నేను కళ్లు సగం మూసుకుని అన్న ఇచ్చిన వరస మొదలుపెట్టాను. మీ తాత దగ్గాడు. కాసేపాగి మళ్ళీ దగ్గాడు.

"బల్ల జూడవే."

"మాట్లాడకు, ఏడో ఎత్తు మర్చిపోత!"

"ఒక్కపారి జూడు."

"చూస్తున్న తియ్యి."

పది ఎత్తులూ ఒక్కటి తప్పకుండా వేశాను. పదకొండోది నా దగ్గర లేదు. అన్న వరసలో ఇంకేమైనా ఉందేమోనని కళ్లు మూసుకుని గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను. బస్సు టైమైంది. మీ తాత బల్ల వైపూ నా వైపూ చూసి, సంచి భుజానికి వేసుకున్నాడు.

సాగనంపి వచ్చేసరికి జగిత్యాల నుంచి మా అన్న వచ్చి కూర్చున్నాడు. బావను చూద్దామని వచ్చి, బస్సు పోయాక చేరాడు. బల్ల చూసి తల పట్టుకున్నాడు.

"చెల్లె, బావ మంత్రి నీ ఏనుగు ముందట ఎప్పటిసంది ఉన్నడు? కొడితె ఆట నీదే గదా!"

ఉత్తరం రాసి అడిగాను. జవాబు వచ్చింది: "మూడు ఎత్తుల సంది వాన్ని నీ ఏనుగు ముందట నిలవెట్టిన. దగ్గిన. బల్ల జూడుమన్న. ఇంకేం జెయ్యాల్నే?"

ఆ తర్వాత ఆయన ఇంటికి వచ్చి ఉండడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఉత్తరానికి ఒక్క ఎత్తే రాశాను. ఆయన ఎత్తు వచ్చాక, దాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి మరీ రాశాను.

మీ తాత పోయాక అట్ట మీద చెరిగిన అంకెలను మళ్ళీ దిద్దింది నేనే. ఇప్పుడు మీరు ఫోనులో పంపే ఎత్తులు ఆ బల్ల మీదే వేస్తున్నాను. ఆ అరవై నాలుగు గళ్ల మీద చేయి పెట్టి ఒట్టేస్తున్నాను: ఎదుటివాళ్ల ఎత్తు చూడకుండా ఇక నా జన్మలో ఎత్తు వేయను.

అయితే చచ్చిన మంత్రిని నడిపించనని మాత్రం ఒట్టేయలేదు. పోయిన ఆదివారం మీరు కొట్టేసిన నా మంత్రి ఇవాళ పొద్దున మీ రాజుకు చెక్ చెప్పాడు. వాడు చచ్చాడంటే నేను ఒప్పుకోను. ఈ పంచాయితీ ఫోనుతో తెగదు. సిరిసిల్లలో బస్సు దిగాక చెప్పండి, బల్ల పరిచి ఉంచుతాను.