దూప లేదన్నాను

నేను కాపురానికి వచ్చిన ఏడాదే నా భర్తకు పెద్ద జ్వరం వచ్చి నెల దాటినా తగ్గలేదు. మా అత్త మగ్గం గుంట పక్కన నిలబడి, పసుపు గుడ్డలో రూపాయి మూటగట్టి, బాసర సరస్వతికి మొక్కుకుంది.

"నా కొడుకు మంచం దిగితె, మొగుడు పెండ్లాలు ఇద్దరు ఒట్టి కాళ్లతోని నడిచి నీ కాడికి వస్తరు తల్లీ. బండెక్కరు, మోటరెక్కరు."

ఆ ముడుపును మగ్గం మీది దూలానికి కట్టింది. ఆయన మంచం దిగాడు. మాఘమాసం రాగానే, వసంతపంచమికి అందేలా మమ్మల్ని గడప దాటించింది. మాది మెట్‌పల్లి దగ్గరి ఊరు. సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్, భైంసా మీదుగా బాసర చేరాలి. అంత దూరం నేనెప్పుడూ నడవలేదు. ఆయనతో ఒంటరిగా ఒక పూట గడిపిందీ లేదు.

నడక గురించి నాకు తెలిసిందంతా పుస్తకాల్లోదే. చీరల కింద దాచుకుని చదివిన కథల్లో రాణులు భర్తల వెంట అడవులకు నడిచారు. ముళ్లు గుచ్చుకున్నాయి, ఆకలి వేసింది, పులులు ఎదురొచ్చాయి. ఒక్కరికీ చెట్టు చాటుకు పోవలసిన అవసరం రాలేదు.

మా వీధి ఆడవాళ్లం తెల్లవారకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి చెంబులు పట్టుకుని కలిసి ఊరి బయటికి పోయేవాళ్లం. ఆ రెండు వేళల మధ్య అలాంటి పని ఒకటుంటుందని మగవాళ్ల ముందు ఎవరం ఒప్పుకోం. దారిలో రాత్రుళ్లు మా కులపువాళ్ల ఇళ్లలో పడుకున్నాం కాబట్టి ఆ రెండు వేళలకూ ఎవరో ఒక ఆడమనిషి తోడుండేది. మిగిలిన పగలంతా ముందు ఆయన, వెనుక నేను. ఆయన నన్ను పేరుతో పిలవడు. నేను ఆయన్ని ఏమనీ పిలవను. "కాస్త ఆగు" అనాలన్నా మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మొదటి మధ్యాహ్నమే నాకు ఉపాయం తట్టింది. నీళ్లు తాగకపోతే సరి.

ఆయన భుజానికి నీళ్ల సొరబుర్ర ఉండేది. తాను తాగి నా వైపు చాచేవాడు.

"జర తాగు. ఎండ గొడుతుంది."

"దూప లేదు."

"పొద్దటి సంది దూప కాలేదా?"

"కాలేదు."

పసుపు కొమ్ములు ఉడకబెడుతున్న కళ్లాల పక్కనుంచి నడుస్తుంటే ఆ ఆవిరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. అయినా తాగలేదు. రెండోరోజు ఆయన తాను తాగకుండానే బుర్రను ముందు నాకు ఇచ్చాడు. పెదవులు తడిపి తిరిగి ఇచ్చేశాను. మూడోరోజు సోన్ దాటాక ఒక బావి దగ్గర ఆగి, బుర్ర మూతిని ఇసుకతో తోమి, కొత్త నీళ్లు నింపి నా ముందు పెట్టి, దూరంగా పోయి కూర్చున్నాడు. ఎంత శుభ్రం మనిషి అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

అప్పటికే నాకు పొత్తికడుపులో మంట, ఒంట్లో చలి. బావి దాటి కొంత దూరం పోయాక దారి పక్కకు ఒరిగింది. నిజానికి ఒరిగింది నేనే.

కళ్లు తెరిచేసరికి ఒక బండి ఆగి ఉంది. నిర్మల్ బొమ్మలవాళ్లకు పునికి కర్ర తీసుకుపోతున్న ముసలి దంపతులది. ముసలమ్మ నా నుదురు పట్టి చూసి, ఆయన పక్కనుండగానే గట్టిగా అడిగింది.

"ఏం పోరీ, పొద్దటి సంది ఒంటికి పోయినవా?"

నేను కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.

"శరమైతుందా? మొగనికి చెప్పనీకి నోట్లె నాలుక లేదా? నీళ్లన్న తాగినవా?"

తల అడ్డంగా ఊపాను. ముసలమ్మకు అంతా అర్థమైంది. ఆయన వైపు తిరిగింది. "నువ్వు గా చింతచెట్టు దాక పో బిడ్డా. నీ పెండ్లాం మూడొద్దుల సంది బిగవట్టుకొని నడుస్తుంది."

ఆయన చింతచెట్టు వైపు పోతుంటే ఆ వీపును చూడలేక కళ్లు మూసుకున్నాను. భూమి నన్ను మింగినా బాగుండుననిపించింది.

తిరిగొచ్చాక ఆయన నన్ను బండెక్కించబోయాడు. చక్రం పట్టుకుని, "ఎక్కను," అన్నాను. మూడు రోజుల్లో నేను గట్టిగా అన్న మొదటి మాట అదే.

"జ్వరమొచ్చింది నాకు, మొక్కింది మా అవ్వ. నడుమ నువ్వెందుకు సస్తవు? ఎక్కు."

ఆయనే ఎత్తి కర్రల మీద కూర్చోబెట్టాడు. నా కాళ్లు నేల విడిచాయి. మొక్కు చెడింది. ఆయన మాత్రం ఎక్కలేదు. బండి వెనుక కర్ర పట్టుకుని నడుస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"నా ఎంగిలని తాగుతలేవేమొ అనుకున్న. జ్వరమొచ్చిన మనిషిని గద."

ముందుగా నాకు అందించిన బుర్ర, ఇసుకతో తోమిన మూతి అప్పుడు గుర్తొచ్చాయి. మూడు రోజులు నా సిగ్గును నేను దాచుకుంటూ ఆయన్ని అంటరానివాణ్ని చేశాను.

"గది కాదు," అని మాత్రం అనగలిగాను.

నిర్మల్ దవాఖానాలో మందిచ్చి, నడవవద్దన్నారు. బస్సుల మీద పాత పేరు చెరిపి కొత్త రాష్ట్రం పేరు రాస్తున్న రోజులు అవి. రంగు వాసన పోని బస్సులో వెనక్కి వచ్చాం. మా అత్త వాకిట్లోనే నిలబడింది.

"ఇంత జల్ది వచ్చిండ్రేంది? నడిచి పోయిండ్రా, ఎగిరి పోయిండ్రా?"

"తొవ్వల పానం మంచిగ లేకుండె," అన్నాడాయన. ఎవరిదో చెప్పలేదు. ఆ సాయంత్రం చెంబులతో బయటికి పోతున్నప్పుడు నేనే అత్తకు చెప్పాను. ఆమె నిలబడిపోయింది. తర్వాత చెంబులో నీళ్లు ఒలికిపోయేలా నవ్వింది.

"అయ్యో బిడ్డా, గీ పనికి బండెక్కినవా! గిది ఆ తల్లికి నేనేమని చెప్పాలె?"

నవ్వు ఆగాక ఆమె ముఖం పాలిపోయింది. మొక్కు వచ్చే మాఘంలో మళ్లీ గడప నుంచే మొదలు కావాలి. విప్పని ముడుపు ఏడాదంతా దూలానికి వేలాడింది. ఆయన మగ్గంలో కూర్చుని దగ్గితే చాలు, అత్త ముందు ముడుపును చూసేది, తర్వాత నన్ను. నేను కండెలు చుడుతూ తల ఎత్తేదాన్ని కాదు. ఆయనకు మళ్లీ ఏమైనా అయితే దానికి కారణం నేనేనని ఇద్దరికీ తెలుసు.

మళ్లీ మాఘం వచ్చింది. బయలుదేరే తెల్లవారుజామున చూస్తే, ఆయన రెండు సొరబుర్రలు నింపి పెట్టుకున్నాడు. ఒకటి నాకట. నా ముఖం మండిపోయింది. ఒకదాని నీళ్లు తులసికి పోసి, మళ్లీ కొయ్యకు తగిలించాను. ఆయన చూశాడు.

పసుపు చేల దగ్గర ఆయన బుర్ర నా వైపు చాచాడు, తన నోటికి తాకించకుండా.

"ముందు నువ్వు తాగు," అన్నాను.

ఆయన తాగాడు. ఆ తడి మూతితోనే నేనూ కడుపు నిండా తాగాను. ఇక రావలసింది వచ్చింది. కొంత దూరం ఓర్చుకున్నాను. ముందు నడుస్తున్న ఆ వీపును చూస్తూ, "ఇగో, ఆగు. నాకు పోయేదున్నది," అన్నాను. నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. పసుపు తవ్వుతున్న ఆడవాళ్లందరూ తలెత్తారు.

"ఓ పిల్లా, గిటు రా, మా దిక్కు చాటున్నది!"

"మొగన్ని సూడుండ్రే, ఎటు సూడాలెనో సమజైతలేదు!"

చేనంతా నవ్వింది. ఆయన గోదావరి వైపు తిరిగి, బుర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. నేను చెవులు కాలిపోతుండగా, తల వంచుకుని, ఒట్టి కాళ్లతో ఆ ఆడవాళ్ల వైపు చేలోకి దిగాను.