కొమ్ము తగలని చోట మచ్చలు

తైవాన్‌లోని తైనాన్ ఊళ్లో, బజారు సందులో మా పక్కింటి బీ-శ్యా అత్త గేదె కొమ్ము బిళ్లతో జనం వీపులు గీకి బతుకుతుంది. గీకినచోట ఎంత ఎర్రబడితే ఒంట్లోంచి అంత వేడి పోయినట్టని ఇక్కడి నమ్మకం. అందుకే వీపు కందగడ్డలా చేసి పంపినా జనం దండం పెట్టి మరీ వెళ్తారు.

ఈ వేసవిలో ఆమె తన చేతి మీద ఊరికే ఓసారి గీక్కుంటే నల్లటి మచ్చ తేలింది. "చూశావురా, ఎంత వేడి పోయిందో!" అని మురిసిపోయింది. కొమ్ము తగలని పిక్కల మీద ఎర్ర చుక్కలొస్తే, వేడి తనంతట తానే దిగిపోతోందంది. చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయేసరికి నేనే ఆసుపత్రికి లాక్కెళ్లాను.

రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైగా ఉండాల్సింది, పదివేలే ఉన్నాయి. లెక్క తప్పేమోనని డాక్టరమ్మ మళ్లీ రక్తం తీసింది, మైక్రోస్కోపులో చూసింది, ఏ మందులు మింగుతోందో ఏ కషాయాలు తాగుతోందో అడిగింది, కాలేయం జబ్బులున్నాయేమో వెతికింది.

"వేరే కారణమేదీ దొరకలేదు అత్తా. మీ ఒళ్లే మీ ప్లేట్‌లెట్లను తినేస్తోంది. మందు వేసుకోకపోతే తలలో రక్తం కారొచ్చు" అంది చివరికి.

"ఏమీ దొరక్క నా ఒంటి మీదకే నెట్టావా తల్లీ? నీకంటే నేను నయం. ఎవర్ని గీకినా ఏదో ఒకటి దొరుకుతుంది."

"అంత గట్టిగా గీకితే ఎవరి చర్మమైనా కందుతుంది. ముందు మాత్రలు మింగండి."

తలలో రక్తమన్న మాట గుర్తొచ్చి మాత్రలు మింగింది. మెల్లగా మచ్చలు తగ్గాయి. ఇప్పుడు కొమ్ము తగలకుండానే చుక్కలున్నవాళ్లొస్తే ఆసుపత్రికి తరుముతోంది.

"జబ్బు ముందు కనిపెట్టింది నేనేనని ఆ డాక్టరు పిల్లకి చెప్పండి" అని కూడా చెప్పి పంపుతోంది.