ఇల్లు చూసి ఇచ్చే మదర్‌బోర్డు

జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో ఎబెనెజరు కంప్యూటర్స్ నడిపే నెహెమ్యా గారికి ఒక్కటే జబ్బు. కొనేవాళ్ల ఇల్లు చూడకుండా మదర్‌బోర్డు అమ్మరు. డబ్బు బల్లమీద పెట్టినా అమ్మరు, పెద్దవాళ్ల చేత ఫోను చేయించినా అమ్మరు. "మా పిల్లని మీ ఇంటికి ఇస్తున్నామండీ. ఇల్లు చూసుకోవద్దా?" అంటారు. ఆ మాట మొదటిసారి విన్నవాళ్లు, ఆయన వెనక నిజంగానే పిల్ల ఎవరైనా నిలబడి ఉందేమోనని తొంగి చూస్తారు. అక్కడ అట్టపెట్టెలు తప్ప ఏమీ ఉండవు.

ఆయనకు అరవై దాటాయి. ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పాతికేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి, రిటైరయ్యాక ఈ దుకాణం పెట్టారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉంటుంది. కొరియర్ అతను సంతకం పెట్టమంటే రెండుసార్లు టెస్టరుతోనే గీకారని పేటలో చెప్పుకుంటారు. పెళ్లి భోజనాలకు వెళ్తే ముందు కూలరుకు టెస్టరు ఆనించి చూసి, ఆ తర్వాతే విస్తరి ముందు కూర్చుంటారు. పెళ్లివారికి ఇది మొదట్లో అవమానంగా ఉండేది. ఇప్పుడు ఆయన వచ్చేదాకా ఎవరూ కూలరు దగ్గర కూర్చోవడం లేదు.

ఈ సంగతులేవీ తెలియని నీహారిక ఒకరోజు నందిగామ నుంచి బస్సెక్కి వచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల, బొమ్మలను నడిపించి మాట్లాడించే యానిమేషన్ నేర్చుకుంది. హైదరాబాదులో ఒక స్టూడియోవాళ్లు పది రోజుల్లో మూడు నిమిషాల బొమ్మల చిత్రం చేసి పంపమన్నారు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటితే తీసుకునేది లేదన్నారు. నచ్చితే ఇంట్లోంచే ఉద్యోగం. నచ్చకపోతే నాన్న దశరథరామయ్య గారి హోల్‌సేల్ కిరాణా దుకాణంలో గల్లాపెట్టె ముందు కుర్చీ. ఆయన ఆ కుర్చీకి కొత్త దిండు కూడా కుట్టించేశారు.

ఉన్న లాప్‌టాప్ నెల కిందటే అర నిమిషం బొమ్మకు రెండు రోజులు మూలిగి పడుకుంది. కొత్త కంప్యూటరు కొనాలి, చేతిలో ఉన్నది తక్కువ. అందుకని చవకలో ప్రాసెసరూ మదర్‌బోర్డూ తీసుకుని, ప్రాసెసరును కంపెనీవాళ్లు చెప్పిన వేగం కంటే ఎక్కువగా పరిగెత్తించాలని ఆమె ఆలోచన. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. నందిగామలో ఆ మాట ఎత్తితే దుకాణాలవాళ్లందరూ జగ్గయ్యపేట వైపే చెయ్యి చూపించారు.

నెహెమ్యా గారు ఆమె రాసుకొచ్చిన చీటీని టెస్టరు మొనతో ఒక్కొక్క వరుసా చదివారు.

"ప్రాసెసరు రైజెన్ సెవెన్. బావుంది. బోర్డు ఏ ఫైవ్ ట్వంటీ. దీంతో ఓవర్‌క్లాక్ చేద్దామనా పాపా?"

"అవునంకుల్."

"ఈ బోర్డుకి ఆ తలుపే పెట్టలేదమ్మా. ఎంత తట్టినా తియ్యదు."

నీహారిక ఆ చీటీ వైపు దిగాలుగా చూసింది. మూడు వారాల పాటు వీడియోలు చూసి చూసి, కళ్ల కింద నల్లటి చారలతో తయారు చేసిన చీటీ అది.

"ప్రాసెసరు ఎద్దనుకో. దానికి మేత పెట్టేది బోర్డు. డబ్బంతా ఎద్దుకి పోసి, మేతకి గడ్డిపరక ఇస్తానంటే ఎట్టా?" అంటూ ఆయన రైజెన్ సెవెన్ కొట్టేసి రైజెన్ ఫైవ్ రాశారు. బోర్డు మాత్రం పై రకం, పదకొండు వేల బి ఫైవ్‌ఫిఫ్టీ తీసి చూపించారు. దాని మీద ఒక పక్కన మందపాటి అల్యూమినియం రేకులున్నాయి. "ప్రాసెసరుకి కరెంటు ఇక్కణ్ణించే పోద్ది. ఎక్కువ తాగిస్తే ఇక్కడే కాగుద్ది. ఈ రేకుల్లేని బోర్డు మే నెలలో మన ఊళ్లల్లో అప్పడమైపోద్ది."

మొత్తం కూడితే ఆమె అనుకున్నదాని కన్నా రెండు వేలు తగ్గింది. బేరం ఆడకుండానే బిల్లు తగ్గించిన దుకాణదారుణ్ని కిరాణా వ్యాపారి కూతురు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తేరుకుని, డబ్బు పంపడానికి ఫోను తీసింది. ఆయన బోర్డు తీసుకెళ్లి మళ్లీ అరలో పెట్టేశారు.

"రేపు ఏడింటికి మీ ఇంటికొస్తా."

"ఎందుకంకుల్?"

"పిల్లనిస్తున్నాం గదమ్మా."

మర్నాడు ఏడు కొట్టకముందే నెహెమ్యా గారి స్కూటరు చిల్లకల్లు మీదుగా వచ్చి వాకిట్లో ఆగింది. చేతిలో ఒక చిన్న స్టూలు, రెండు వైర్లు వేలాడే బల్బు. దశరథరామయ్య గారు ఆయన్ను సరుకు కోసం వచ్చిన పల్లెటూరి షావుకారు అనుకుని, ఎన్ని బస్తాల కందిపప్పు కావాలని అడిగారు.

"పప్పు తర్వాతండీ. ముందు గది చూపించండి."

గది చూసి పెదవి విరిచారు. "పడమటి ఎండ నేరుగా పడుద్ది. పిల్ల మాడిపోద్ది." బల్లను తూర్పు గోడకు జరిపించారు. అక్కడున్న బీరువా హాల్లోకి వచ్చింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంట్లో కోపమొస్తే మెయిన్ కట్టేసే అలవాటు ఎవరికైనా ఉందాండీ?" అని అడిగారు. నీహారిక అమ్మా నాయనమ్మా ఇద్దరూ దశరథరామయ్య గారి వైపు చూశారు. ఆయన పైకప్పు చూశారు.

తర్వాత నెహెమ్యా గారు బల్బు వైర్లలో ఒకటి గోడ ప్లగ్గులో ఉంచి, రెండోది మార్చి మార్చి పెట్టారు. ఒక రంధ్రంలో పెడితే వెలిగింది, పైనున్న పెద్ద రంధ్రంలో పెడితే వెలగలేదు.

"ఎర్తింగ్ లేదండీ."

"మాకది అక్కర్లేదండీ," అన్నారు దశరథరామయ్య గారు కాస్త గర్వంగానే. "మూడో పిన్ను ఆ పాత రంధ్రాల్లో దూరకపోతే నేనే కోయించేశా. ఇంట్లో అన్నిటికీ. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు."

నెహెమ్యా గారి చూపు వంటింటి వైపు పోయింది. అతిథికి మజ్జిగ ఇవ్వడానికి నాయనమ్మ జ్ఞానప్రసూనాంబ గారు ఫ్రిజ్ దగ్గరికి వెళ్తున్నారు. వంటింటి గడప దాకా చెప్పులు రానివ్వని ఆవిడ, ఫ్రిజ్ ముందు విడిచి ఉన్న నీలం రబ్బరు చెప్పుల్లో కాళ్లు దూర్చారు. చీర కొంగు చేతికి చుట్టుకుని తలుపు తీశారు. మజ్జిగ గిన్నె తీసి, చెప్పులు విడిచి, ఇవతలికి వచ్చారు.

"పెద్దమ్మగారూ, ఆ చెప్పులెందుకండీ?"

"ఫ్రిజ్జు కదా నాయనా, ఆ మాత్రం జివ్వుమంటది. చెప్పులేసుకుంటే ఏమనదు. ఆరేళ్లుగా అలవాటే."

నెహెమ్యా గారు టెస్టరు తీసి ఫ్రిజ్ తలుపుకు ఆనించారు. అందులోని బుడ్డి దీపం ఎర్రగా వెలిగింది. నీహారిక ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ జివ్వుమనడం ఆమెకూ తెలుసు, ఆరేళ్లుగా తనూ ఆ చెప్పుల్లోనే కాళ్లు పెడుతోంది. అది కరెంటని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఫ్రిజ్‌ల స్వభావమే అంత అనుకుంది.

నెహెమ్యా గారు మజ్జిగ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టారు. ఆ తర్వాత దశరథరామయ్య గారి వైపు తిరిగి, చావు కబురు చెప్పేవాడి గొంతుతో అన్నారు.

"ఈ ఇంట్లో నా బోర్డు వారం బతకదండీ."

దశరథరామయ్య గారు అదిరిపడ్డారు. "వారమా? పదకొండు వేల బోర్డు వారంలో పోద్దా?"

"పోద్దండీ. ఎర్తింగుకి గుంట తవ్వించండి. కరెంటు ఎక్కడన్నా కారితే టక్కున ఆగిపోయేటట్టు ట్రిప్పరు పెట్టించండి. ఆ తర్వాతే పిల్ల."

ఆరేళ్లుగా తల్లి చెప్పులేసుకుని ఫ్రిజ్ తీస్తుంటే చూద్దాంలే అన్న మనిషి, పావుగంటలో పెరట్లో గునపం పట్టుకుని నిలబడ్డారు. నీహారిక క్యాలెండరు దగ్గరికి పరిగెత్తింది. ఆమె లెక్కలో ఉన్నవి పది రోజులు. అందులో రెండు అప్పుడే అయిపోయాయి.

పెరట్లో జానెడు మట్టి కింద అంతా సున్నపురాయి. గునపం వేస్తే ఖంగుమని ఎగిరి వెనక్కొచ్చేది. నెహెమ్యా గారు రోజూ పేట నుంచి వచ్చి, చొక్కా విప్పి జామకొమ్మకు తగిలించి తనూ తవ్వారు. ఎన్నడూ బస్తా కూడా జరపని దశరథరామయ్య గారు బనీనుతో రాయి కొడుతుంటే, ప్రహరీ అవతల ఇరుగుపొరుగు వరసగా నిలబడ్డారు. బావి తవ్వుతున్నారా అని ఒకరు, లంకెబిందెలా అని ఒకరు. "మదర్‌బోర్డుకండీ," అని జవాబిచ్చేవారు ఆయన చెమట తుడుచుకుంటూ.

నాలుగో రోజుకు గుంట పూర్తయింది. ఇనుప పైపు దిగింది, బొగ్గు పడింది, దుకాణంలోంచి వచ్చిన రెండు బస్తాల రాళ్లుప్పు పడింది. పనిలో పనిగా నెహెమ్యా గారు ఫ్రిజ్ వెనక ఎలుకలు కొరికిన వైరు మార్చారు, పాత సాకెట్లు తీసేసి ట్రిప్పరు బిగించారు, ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నిటికీ మూడో పిన్ను తిరిగి పెట్టించారు. వెళ్తూ వెళ్తూ జ్ఞానప్రసూనాంబ గారికి ఒక పని అప్పజెప్పారు.

"ఎండాకాలం రోజూ ఒక బిందె నీళ్లు ఆ గుంటలో పొయ్యాలండీ. పిల్లకి దాహమేస్తది."

ఆవిడ తులసమ్మకు నీళ్లు పోశాక ఎర్తింగ్ గుంటకు పోయడం మొదలుపెట్టారు. "నీ బోర్డు నీళ్లు తాగిందే," అని మనవరాలికి కేకేసి చెప్పేవారు.

బోర్డు మాత్రం మర్నాడు, అంటే ఏడో రోజున వచ్చింది. గుడ్డసంచీలో చుట్టి, ఒడిలో పెట్టుకుని, ఆయన ఆ రోజు స్కూటరు మానేసి బస్సులో తెచ్చారు. అన్నీ బిగించి, వేగం ఒక్కో మెట్టూ పెంచుతూ, ప్రతి మెట్టుకీ వేడి ఎంతుందో చూశారు.

"ఇంకొంచెం పెంచుదామంకుల్."

"చాల్లేమ్మా. మే నెల్లో నందిగామలో మనుషులే వంద డిగ్రీలున్నారు. ఇదింకా నయం."

నీహారిక మూడు రోజుల్లో చెయ్యాల్సింది చేసింది. శుక్రవారం పదకొండూ నలభైకి బొమ్మల చిత్రం హైదరాబాదు వెళ్లింది. మంగళవారం ఉద్యోగం వచ్చింది. గల్లాపెట్టె ముందు కొత్త దిండు మీద ఇప్పుడు దశరథరామయ్య గారే కూర్చుంటున్నారు, సుఖంగానే ఉందంటున్నారు.

కానీ ఆమెకొక అనుమానం పట్టుకుంది. కంప్యూటర్ల గురించి ఎక్కడ చదివినా, ఎర్తింగ్ మంచిదే అన్నారు గానీ వారంలో చచ్చిపోతుందని ఎవరూ రాయలేదు. ఎర్తింగ్ లేని ఇళ్లల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న కంప్యూటర్లు తన స్నేహితుల దగ్గరే నాలుగున్నాయి. మిఠాయి డబ్బా పట్టుకుని పేటకు వెళ్లి, నిలదీసింది.

"అంకుల్, నిజం చెప్పండి. ఎర్తింగ్ లేకపోతే బోర్డు వారంలో పోద్దా?"

నెహెమ్యా గారు వీధిలోకి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"దానికేం అవుద్దమ్మా? దుక్క. పదేళ్లుంటది."

నీహారిక డబ్బా బల్లమీద పెట్టేసింది. "మరి మా నాన్న చేత నాలుగు రోజులు రాయి ఎందుకు కొట్టించారు?"

"మీ నాయనమ్మ గారికి ప్రమాదమండీ అంటే, మీ నాన్న ఏమనేవారు?"

ఆమె ఆలోచించనక్కర్లేకపోయింది. "చూద్దాంలెండి అనేవారు."

"ఫ్యాక్టరీలో ఉన్నప్పణ్ణించీ ఇంటింటికీ తిరిగి చెప్పా. మనిషికి ప్రమాదమంటే, అలవాటేనండీ అంటారు. పదకొండు వేల బోర్డు పోద్దంటే గునపం తెస్తారు." ఆయన మిఠాయి ఒకటి తీసుకున్నారు. "నాకు గుంట కావాలమ్మా. ఎవరి పేరు మీద తవ్వితేనేం?"

నీహారికకు సిగ్గేసింది. చదువుకున్న పిల్ల, ఆరేళ్లూ ఆ నీలం చెప్పులు దాటుకుంటూ తిరిగింది. ఇప్పుడు నాయనమ్మ ఉత్త కాళ్లతో ఫ్రిజ్ తీస్తున్నారు. ఆ చెప్పులు దొడ్లోకి వెళ్లేటప్పుడు వేసుకుంటున్నారు.

ఇంతలో చిల్లకల్లు నుంచి ఒకాయన వచ్చాడు. మదర్‌బోర్డు అడిగి, ఇల్లు చూడాలన్న మాట విని మండిపడ్డాడు. "బోర్డు కొంటానికీ మా ఇంటికీ సంబంధమేంటండీ?"

నెహెమ్యా గారి నోటి నిండా మిఠాయి ఉంది. మింగుడు పడక చెయ్యి ఊపుతున్నారు. నీహారిక ముందుకొచ్చి, ఆ రోజు ఆయన తమ ఇంట్లో వాడిన చావు కబురు గొంతునే అందుకుంది.

"చాలా సున్నితమైన బోర్డండీ. ఇల్లు చూడకుండా తీసుకెళ్తే వారం కూడా బతకదు."

చిల్లకల్లు ఆయన మొహం పాలిపోయింది. "వారమేనా?"

"వారమేనండీ. మీ ఇంట్లో గునపం ఉందా?"